అంకెకు అందని శస్త్ర నైపుణ్యం

* ప్రవేశ పరీక్ష మార్కు చెప్పేది తర్వాతి రాత పరీక్ష గురించే
* వెనుకబడే పీజీ విద్యార్థిని ముందుగా గుర్తించడానికి పనికొస్తుంది
* ఉత్తరాంధ్ర ఆసుపత్రులకు కావలసిన సర్జన్‌ను ఎంచడానికి అదొక్కటే చాలదు

శ్రీకాకుళం/విజయనగరం: విశాఖ ఆంధ్ర వైద్య కళాశాలలో గానీ, నెల్లిమర్ల మిమ్స్‌లో గానీ, రాగోలు జెమ్స్‌లో గానీ ఎం.ఎస్‌. జనరల్‌ సర్జరీలో చేరే యువ వైద్యుల పేరు పక్కన, వారి చేతికి కత్తి అందకముందే ఒక అంకె చేరుతుంది. అది నీట్‌-పీజీ మార్కు. విదేశంలో వైద్య పట్టా పుచ్చుకుని వచ్చినవారైతే అంతకుముందే మరో అంకె వెంట ఉంటుంది. అది ఎఫ్‌ఎంజీఈ మార్కు. సీటు ఇచ్చేది, లైసెన్సు ఇచ్చేది ఆ అంకెలే. ఇంతవరకు అందరికీ తెలిసిందే. అసలు ప్రశ్న ఆ తర్వాత మొదలవుతుంది. ఆ అంకెను చూసి, మూడేళ్ల శిక్షణలో ఆ విద్యార్థి పరీక్షల్లో ఎలా రాణిస్తారో ముందే చెప్పవచ్చా? చెప్పగలిగితే ఆ సమాచారాన్ని దేనికి వాడాలి? దేనికి వాడకూడదు?

ఇది అధ్యాపకుల గదుల్లో మాత్రమే తేలవలసిన విషయం కాదు. పేగుకు రంధ్రం పడి అర్ధరాత్రి ఆసుపత్రికి చేరిన కూలీకి, ఏజెన్సీ గ్రామం నుంచి డోలీలో మోసుకొచ్చిన గిరిజనునికి, జాతీయ రహదారిపై ప్రమాదంలో గాయపడిన లారీ క్లీనరుకు ఎదురుగా నిలబడేది ఈ శిక్షణ పూర్తి చేసుకున్న సర్జనే. వారిని ఏ కొలబద్దతో ఎంచుతున్నాం, ఏ కొలబద్దతో సరిదిద్దుతున్నాం అన్నదానిపై ఆ రోగుల ప్రాణాలు ఆధారపడి ఉన్నాయి.

ఒక్కో పరీక్షకు ఒక్కో పని

ముందుగా ఏ పరీక్ష ఎందుకో విడదీసి చూడాలి. ఎఫ్‌ఎంజీఈ లైసెన్సు పరీక్ష. 2002 నాటి నిబంధనలతో అమల్లోకి వచ్చిన ఈ పరీక్షలో 300 ప్రశ్నలు ఉంటాయి. 150 మార్కులు వస్తే ఉత్తీర్ణత. ఫిలిప్పీన్స్‌, రష్యా, కిర్గిజ్‌స్థాన్‌ వంటి దేశాల్లో చదివి వచ్చినవారు ఇక్కడ వైద్యం చేయాలంటే ఈ గడప దాటాలి. గడప దాటారా లేదా అన్నదే ఇక్కడ ముఖ్యం. 151 వచ్చిన వైద్యుని కంటే 190 వచ్చిన వైద్యురాలు ఎంత మెరుగో చెప్పడం దాని ఉద్దేశం కాదు.

నీట్‌-పీజీ ఎంపిక పరీక్ష. అభ్యర్థులను వరుసలో నిలబెట్టడం దాని పని. 200 ప్రశ్నలు, 800 మార్కులు. సరైన జవాబుకు నాలుగు మార్కులు కలుపుతారు, తప్పు జవాబుకు ఒకటి తీసివేస్తారు. ఇందులో అర్హతను మార్కుల్లో కాక పర్సంటైల్‌లో చెబుతారు. 50 పర్సంటైల్‌ అంటే సగం మార్కులు వచ్చాయని చాలామంది భ్రమపడతారు. పరీక్ష రాసినవారిలో సగం మంది కంటే పైన ఉన్నారని మాత్రమే దాని అర్థం. 2023 సెప్టెంబరులో కేంద్ర ఆరోగ్య శాఖ, ఖాళీ సీట్లు భర్తీ చేయడానికని అన్ని వర్గాలకూ అర్హతను సున్నా పర్సంటైల్‌కు తగ్గించింది. అంటే పరీక్ష రాసిన ప్రతి ఒక్కరూ అర్హులే అయ్యారు. 2025 పరీక్షకు సంబంధించి 2026 జనవరిలోనూ అర్హత గీతను బాగా కిందికి దించారు. ఒకే పట్టా కోసం చదివే విద్యార్థుల మధ్య ప్రవేశ మార్కుల్లో ఎంతటి అంతరానికి తావుందో దీన్నిబట్టి ఊహించవచ్చు.

ఈ రెండు పనులనూ ఒకే పరీక్షకు అప్పగించాలన్నది 2019 జాతీయ వైద్య కమిషన్‌ చట్టం సంకల్పం. ఎంబీబీఎస్‌ చివరి పరీక్ష, వైద్యవృత్తికి లైసెన్సు, పీజీ ప్రవేశం ఈ మూడింటికీ ‘నెక్స్ట్‌’ అనే ఒకే పరీక్ష పెట్టాలని అందులో నిర్దేశించారు. 2023 జూన్‌లో నిబంధనలు వెలువడ్డాయి. జూలైలోనే వాయిదా పడింది. లైసెన్సు మార్కునే శిక్షణార్థి ఎంపికకు తూకపురాయి చేయాలన్న ఆలోచన మాత్రం చట్టంలో పదిలంగా ఉంది. కాబట్టి ఆ మార్కు ఏం చెబుతుంది, ఏం చెప్పదు అన్నది ఇప్పుడే తేల్చుకోవడం మంచిది.

అమెరికా అనుభవం

ఈ ప్రశ్నను అందరికంటే ఎక్కువగా పరిశోధించిన దేశం అమెరికా. అక్కడ వైద్య లైసెన్సుకు యూఎస్‌ఎంఎల్‌ఈ అనే అంచెలవారీ పరీక్ష ఉంది. మన తెలుగు జిల్లాల నుంచి అక్కడికి వెళ్లిన వైద్యులంతా ఆ మెట్లు ఎక్కినవారే. సర్జరీ శిక్షణలో చేరిన తర్వాత ఏటా జనవరిలో ఆబ్‌సైట్‌ అనే మరో పరీక్ష రాస్తారు. శిక్షణలో ఉన్న శస్త్రవైద్యుల పుస్తక జ్ఞానం ఏ స్థాయిలో ఉందో తెలుసుకోవడానికి అమెరికన్‌ బోర్డ్‌ ఆఫ్‌ సర్జరీ దాన్ని నిర్వహిస్తుంది. అది కూడా బహుళైచ్ఛిక ప్రశ్నల పరీక్షే.

లైసెన్సు పరీక్షలో ఎక్కువ మార్కులు వచ్చినవారికి ఆబ్‌సైట్‌లోనూ ఎక్కువ మార్కులు వస్తాయా? వస్తాయనే అక్కడి అధ్యయనాలు అనేకం చెబుతున్నాయి. అయితే ఆ బంధం ఒక మోస్తరుదే. రెండో మెట్టు అయిన స్టెప్‌-2 మార్కుకు, అంటే రోగచికిత్సకు సంబంధించిన పరిజ్ఞానానికి, ఆబ్‌సైట్‌తో బంధం మరికొంత గట్టిగా ఉందని కొన్ని అధ్యయనాల్లో తేలింది. ఇందులో ఆశ్చర్యపడవలసింది లేదు. రెండూ కాలం లెక్కపెడుతూ, నాలుగైదు జవాబుల్లో ఒకటి ఎంచుకుంటూ రాసే పరీక్షలే. చదివే అలవాటు, జ్ఞాపకశక్తి, పరీక్ష రాసే ఒడుపు రెండింటిలోనూ పనిచేస్తాయి.

బ్రిటన్‌లోనూ ఇటువంటిదే చూశారు. విదేశాల్లో చదివిన వైద్యులు అక్కడ పనిచేయడానికి రాసే ప్లాబ్‌ పరీక్ష మార్కులకు, తర్వాత రాసే ఉన్నత వైద్య పరీక్షల ఫలితాలకు సంబంధం ఉందని 2014లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌లో వచ్చిన పరిశోధన తెలిపింది. ముందు పరీక్షలో బొటాబొటిగా గట్టెక్కినవారు తర్వాతి పరీక్షలోనూ ఇబ్బంది పడే అవకాశం ఎక్కువ. ఈ మాటను కొట్టిపారేయలేం.

ఇంత సంబంధం ఉందని తెలిసీ అమెరికా 2022 జనవరి 26 నుంచి స్టెప్‌-1 మార్కులు ప్రకటించడం మానేసింది. ఉత్తీర్ణులా కాదా అన్నది మాత్రమే చెబుతోంది. లైసెన్సు కోసం పెట్టిన పరీక్షను శిక్షణ సంస్థలు దరఖాస్తులను ఏరివేసే జల్లెడగా వాడుకోవడం, విద్యార్థులు తరగతులు, వార్డులు వదిలి ఆ ఒక్క అంకె కోసమే ఏళ్లు వెచ్చించడం ఈ నిర్ణయానికి దారితీశాయి. స్టెప్‌-2కు మార్కులు కొనసాగాయి. దాంతో ఒత్తిడి ఆ పరీక్ష మీదికి మళ్లింది. కొలబద్దను మార్చినంత మాత్రాన కొలిచే అలవాటు మారలేదన్నమాట.

0.4 అంటే ఏమిటి?

‘సంబంధం ఉంది’ అనగానే ‘ముందే చెప్పేయవచ్చు’ అనుకోవడం సహజం. ఇక్కడే జాగ్రత్త అవసరం. రెండు పరీక్షల మార్కుల మధ్య బంధాన్ని గణాంక శాస్త్రంలో మైనస్‌ ఒకటి నుంచి ఒకటి వరకు ఒక గుణకంతో చెబుతారు. ఒకటి అయితే మొదటి మార్కు తెలిస్తే రెండోది తెలిసినట్లే. సున్నా అయితే ఏ సంబంధమూ లేనట్లు. ఉదాహరణకు ఈ గుణకం 0.4 అనుకుందాం. వినడానికి బాగానే ఉంది. దాన్ని వర్గం చేస్తే 0.16 వస్తుంది. అంటే రెండో పరీక్షలో విద్యార్థుల మధ్య కనిపించే తేడాల్లో నూటికి 16 వంతులు మాత్రమే మొదటి మార్కుతో వివరించగలం. మిగిలిన 84 వంతులు వేరే కారణాలవి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఎన్ని ఆపరేషన్లలో నిలబడ్డారు, చదువుకునేందుకు వ్యవధి దొరికిందా, ఇంటి పరిస్థితి ఏమిటి, ఆరోగ్యం ఎలా ఉంది అన్నవన్నీ అందులోకి వస్తాయి.

దీన్నే మరోలా చెప్పుకోవచ్చు. శిక్షణలో ఉన్న ఇద్దరిద్దరిని జతగా తీసుకుని, ప్రవేశ మార్కు ఎక్కువ ఉన్నవారే తర్వాతి పరీక్షలోనూ ముందుంటారని పందెం కట్టామనుకుందాం. గుణకం 0.4 అయితే వంద జతల్లో సుమారు 63 జతల్లో గెలుస్తాం. 37 జతల్లో ఓడిపోతాం. కళ్లు మూసుకుని చెప్పినా 50 జతల్లో గెలుస్తామని గుర్తుంచుకోవాలి. ఒక బృందం మొత్తానికి ఎంత సహాయం అవసరమవుతుందో అంచనా వేయడానికి ఈ తేడా పనికొస్తుంది. ఎదుట నిలబడిన ఒక్క విద్యార్థి తలరాత తేల్చడానికి పనికిరాదు.

పలాస జీడిపప్పు లెక్క

ఇంకొక చిక్కు ఉంది. పలాస జీడిపప్పు బట్టీలు చూసినవారికి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ పప్పును పరిమాణాన్నిబట్టి గ్రేడులుగా వేరు చేస్తారు. 240 గ్రేడు అంటే పౌనుకు సుమారు అన్ని గుళ్లు తూగుతాయని లెక్క. రాశిగా పోసినప్పుడు పెద్ద గుళ్లకూ చిన్న గుళ్లకూ తేడా కొట్టొచ్చినట్లు కనబడుతుంది. ఒకే గ్రేడు డబ్బాలో పోశాక అన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటాయి. అందులో ఏ గుండు బాగుంటుందో పరిమాణం చూసి చెప్పలేం.

పోటీ తీవ్రంగా ఉండే కళాశాలలో చేరిన పీజీ విద్యార్థుల మార్కులూ అంతే. అందరూ ఒకే పై అంచె నుంచి వచ్చినవారు కావడంతో వారిలో వారికి పోల్చినప్పుడు ప్రవేశ మార్కు చెప్పేది చాలా తక్కువ. అలాంటి కళాశాలలో లెక్క కట్టి ‘మార్కుకూ ప్రతిభకూ సంబంధం లేదు’ అని తేల్చడం ఎంత తొందరపాటో, దేశమంతటి లెక్కను తెచ్చి అక్కడి విద్యార్థికి అంటగట్టడమూ అంతే తొందరపాటు.

సున్నా పర్సంటైల్‌ దాకా గీత దిగిన చోట పరిస్థితి వేరు. అక్కడ రాశి ఇంకా గ్రేడు చేయనట్లే ఉంటుంది. అట్టడుగు మార్కులతో చేరిన విద్యార్థికి పుస్తక జ్ఞానంలో లోటు ఉండే అవకాశం నిజంగానే ఎక్కువ. దాన్ని చూసీ చూడనట్లు వదిలేయడం ఆ విద్యార్థికి మేలు చేయదు, రోగికి అంతకన్నా చేయదు. సీటు ఇచ్చిన వ్యవస్థకు, ఆ లోటు పూడ్చే బాధ్యత కూడా ఉంటుంది.

మార్కులకూ విలువ ఉంది

రాత పరీక్షలంటే బట్టీ పరీక్షలేనని తీసిపారేసేవారికి ఒక అధ్యయనం గుర్తు చేయాలి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో, ఇతర దేశాల్లో చదివి వచ్చిన వైద్యులు చూసిన 60 వేలకు పైగా గుండెజబ్బు కేసులను పరిశీలించి 2014లో ఫలితాలు ప్రచురించారు. లైసెన్సు పరీక్షలోని స్టెప్‌-2లో ఎక్కువ మార్కులు వచ్చిన వైద్యుల రోగుల్లో మరణాలు తక్కువగా ఉన్నట్లు తేలింది. ఒక్కో మార్కుకూ తేడా స్వల్పమే అయినా, అట్టడుగు మార్కులకూ పై మార్కులకూ మధ్య చూస్తే అది లెక్కలోకి తీసుకోదగినదే. ఏ మందు ఎప్పుడు ఇవ్వాలి, ఏ లక్షణం ప్రమాదకరం అన్నది తెలియకుండా మంచి వైద్యుడు కావడం అసాధ్యం. సర్జన్‌కైనా అంతే. ఎప్పుడు కోయాలో, అంతకన్నా ముఖ్యంగా ఎప్పుడు కోయకూడదో చెప్పేది చదువే.

చెయ్యి చెప్పే లెక్క

అయితే ఆ అధ్యయనం మందులతో చేసే వైద్యం గురించి. కత్తితో చేసే వైద్యానికి వచ్చేసరికి మరో లెక్క ఎదురవుతుంది. 2013లో న్యూ ఇంగ్లండ్‌ జర్నల్‌ ఆఫ్‌ మెడిసిన్‌లో మిషిగన్‌ రాష్ట్రానికి చెందిన 20 మంది సర్జన్లపై జరిపిన పరిశోధన వెలువడింది. ఊబకాయానికి లాపరోస్కోపీ ద్వారా చేసే ఆపరేషన్‌ వీడియోను ఒక్కొక్కరి నుంచీ తీసుకున్నారు. పేర్లు తెలియకుండా తోటి సర్జన్లకు చూపించి, చేతి పనికి మార్కులు వేయించారు. నైపుణ్యంలో అట్టడుగున నిలిచిన నాలుగో వంతు సర్జన్ల రోగుల్లో 14.5 శాతం మందికి దుష్పరిణామాలు తలెత్తాయి. పైన నిలిచిన నాలుగో వంతు వారి రోగుల్లో అది 5.2 శాతమే. వీరంతా శిక్షణ ముగించి, వృత్తిలో స్థిరపడినవారే. అయినా చేతి పనిలో తేడా రోగి ఒంటిమీద కనిపించింది.

ఆ చేతి పనిని లైసెన్సు మార్కు ముందే చెబుతుందా? 2011లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్‌ విశ్వవిద్యాలయ పరిశోధకులు, శిక్షణలో ఉన్న వైద్యులు గుండె చప్పుడు వినడం, మెడ వద్ద పెద్ద సిరలోకి గొట్టం వేయడం వంటి పనులు ఎంత బాగా చేస్తున్నారో నమూనాలపై కొలిచి, వారి లైసెన్సు మార్కులతో పోల్చారు. గుణకం -0.05 నుంచి 0.29 వరకే వచ్చింది. ఇందాకటి పందెం భాషలో చెప్పాలంటే అత్యుత్తమ ఫలితంలోనూ వందకు 59 జతలు మించవు. కొన్ని పనుల్లో అయితే నాణెం ఎగరవేసి చెప్పడానికీ దీనికీ తేడా లేదు.

మొత్తమ్మీద తేలేది ఇది. రాత మార్కు రాత మార్కును ఓ మోస్తరుగా చెబుతుంది. వైద్య నిర్ణయాలను కొంతవరకు చెబుతుంది. చేతి నైపుణ్యం గురించి దాదాపు ఏమీ చెప్పదు. శస్త్రవైద్యానికి ఈ మూడూ కావాలి. మొదటిదాన్ని కొలిచి మూడోది కూడా కొలిచేశామనుకోవడమే అసలు పొరపాటు.

ఉద్దానం నేర్పే పాఠం

ఇదంతా ఎక్కడో దేశాంతరాల లెక్క అనిపిస్తే ఉద్దానం వైపు చూడాలి. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో మూత్రపిండాల వ్యాధి ఎన్నో కుటుంబాలను కుదేలు చేసింది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. డయాలసిస్‌ యంత్రం ఎంత మంచిదైనా, రోగి రక్తం దానిలోకి వెళ్లి రావడానికి చేతిలో ధమనినీ సిరనూ కలిపే చిన్న ఆపరేషన్‌ చేయాలి. దాన్నే ఫిస్టులా అంటారు. వెంట్రుక మందం దారంతో, కొద్ది మిల్లీమీటర్ల నాళాలను కలిపి కుట్టాలి. అది బలపడటానికి వారాలు పడుతుంది. సరిగా కుదిరితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. కుదరకపోతే మెడ దగ్గర గొట్టం వేసుకుని, ఇన్ఫెక్షన్ల భయంతో రోజులు లెక్కపెట్టుకోవాలి.

ఫిస్టులా ఎప్పుడు వేయాలో, ఏ చేతికి వేయాలో రాత పరీక్షలో అడగవచ్చు. ఆ కుట్టు ఎలా పడిందో రాత పరీక్ష చెప్పలేదు. పెద్ద సర్జన్‌ పక్కన నిలబడి చూడాలి, చేయించాలి, తప్పును అక్కడికక్కడే సరిదిద్దాలి. ఇచ్ఛాపురం రోగి బరంపురానికి పోవడమా, శ్రీకాకుళం రోగి వంద కిలోమీటర్లు దాటి విశాఖ కేజీహెచ్‌కు పోవడమా అన్నది, అలా చెయ్యి తిరిగిన సర్జన్లు ఈ జిల్లాల్లో ఎందరు తయారవుతారన్న దానిపైనే ఆధారపడుతుంది.

హౌస్‌సర్జన్‌ ఏడాది ఏమవుతోంది?

మార్కుకు అతి ప్రాధాన్యం ఇస్తే నష్టం శిక్షణకు ముందే మొదలవుతుంది. ఎంబీబీఎస్‌ తర్వాత ఏడాది హౌస్‌సర్జన్‌గా పనిచేయాలి. గాయం కుట్టడం, గొట్టం వేయడం, రాత్రి డ్యూటీలో రోగి పరిస్థితిని అంచనా వేయడం అప్పుడే అలవడతాయి. అదే ఏడాది పీజీ ప్రవేశ పరీక్ష సన్నాహానికీ కీలకం. వార్డులో గంట గడిపితే అంకె పెరగదు. కోచింగ్‌ యాప్‌ ముందు గంట గడిపితే పెరుగుతుంది. అలాంటప్పుడు తెలివైన విద్యార్థి ఏది ఎంచుకుంటారో ఊహించడం కష్టం కాదు. తప్పు విద్యార్థిది కాదు. మనం దేన్ని కొలుస్తామో వారు దాన్నే సాధిస్తారు.

శ్రీకాకుళం ప్రభుత్వ వైద్య కళాశాల 2008లో రిమ్స్‌గా మొదలైంది. విజయనగరం ప్రభుత్వ వైద్య కళాశాల 2023 సెప్టెంబరులో 150 ఎంబీబీఎస్‌ సీట్లతో ప్రారంభమైంది. అందులో తొలి జట్టు చదువు, హౌస్‌సర్జన్‌ ఏడాది ముగించుకునేసరికి 2029 వస్తుంది. ఈ పిల్లల్లో కొందరు ఇక్కడే సర్జన్లుగా స్థిరపడాలని రెండు జిల్లాలూ కోరుకుంటున్నాయి. వారికి వార్డు పట్ల ఆసక్తి చంపని వ్యవస్థను సిద్ధం చేయడానికి ఉన్న వ్యవధి ఎక్కువేం కాదు.

కొలబద్దే వంకరైతే

ఏ అంచనాకైనా మూలం మార్కు నిజాయతీ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2014 మార్చిలో ఆరోగ్య విశ్వవిద్యాలయం జరిపిన పీజీ వైద్య ప్రవేశ పరీక్ష ప్రశ్నపత్రం లీకైనట్లు సీఐడీ దర్యాప్తులో తేలింది. పరీక్షను రద్దు చేసి మళ్లీ నిర్వహించవలసి వచ్చింది. కష్టపడి చదివిన వందలాది యువ వైద్యులు క్షోభ అనుభవించారు. లీకైన ప్రశ్నపత్రంతో వచ్చిన ర్యాంకు భవిష్యత్తు గురించి ఏం చెప్పగలదు?

2024 నీట్‌-పీజీని రెండు షిఫ్టుల్లో పెట్టి మార్కులను సర్దుబాటు చేసినప్పుడూ, ఏ షిఫ్టు వారికి నష్టం జరిగిందన్న వాదం రేగింది. 2025 పరీక్షను ఒకే షిఫ్టులో జరపాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. ఒకటి రెండు మార్కుల తేడాతో సర్జరీ సీటు చేజారే చోట ఇలాంటి సందేహాలు చిన్నవి కావు. అయితే ఆ ఒకటి రెండు మార్కులు చేతి నైపుణ్యంలో తేడా చూపవన్నది కూడా అంతే నిజం.

ఏం చేయాలి?

అంకెను పారేయమని ఎవరూ అనడం లేదు. దాన్ని దాని స్థానంలో ఉంచాలి. అందుకు ఆచరణ సాధ్యమైన మార్గాలు ఉన్నాయి.

మొదటిది, మన లెక్క మనమే తీయాలి. నీట్‌-పీజీ నిర్వహించే జాతీయ పరీక్షల బోర్డే డీఎన్‌బీ శిక్షణార్థులకు ఏటా ఫార్మేటివ్‌ అసెస్‌మెంట్‌ టెస్ట్‌ పెడుతుంది. వారి చివరి పరీక్షనూ అదే జరుపుతుంది. మూడు మార్కులూ ఒకే గూటిలో ఉన్నాయి. ఎం.ఎస్‌. విద్యార్థుల చివరి పరీక్ష మార్కులు విజయవాడలోని డాక్టర్‌ ఎన్టీఆర్‌ ఆరోగ్య విశ్వవిద్యాలయంలో ఉంటాయి. పేర్లు తొలగించి వీటిని జతచేసి చూస్తే, మన ప్రవేశ మార్కు మన శిక్షణార్థుల గురించి ఎంత చెబుతోందో తేలుతుంది. అమెరికా గుణకాన్ని అరువు తెచ్చుకోవలసిన పని ఉండదు.

రెండోది, మార్కును ముందస్తు హెచ్చరికగా వాడాలి. తక్కువ మార్కుతో చేరినవారికి తొలి ఆరు నెలల్లోనే ఒక అధ్యాపకుణ్ని తోడుగా ఇచ్చి, చదువు ప్రణాళిక వేయాలి. ఏటా అన్ని కళాశాలలకూ ఒకే ప్రశ్నపత్రంతో పరీక్ష పెట్టి, ఫలితాన్ని విద్యార్థికీ గైడుకీ మాత్రమే చెప్పాలి. నోటీసు బోర్డుపై అంటించిన రోజున అది సహాయం కాకుండా ముద్రగా మారుతుంది. ఆబ్‌సైట్‌ కూడా విద్యార్థి తన లోటు తెలుసుకోవడానికే ఉద్దేశించినది. ఎఫ్‌ఎంజీఈ రాసి వచ్చినవారి పట్ల కూడా ఇదే దృష్టి ఉండాలి. గడప దాటినవారిని మళ్లీ మళ్లీ గడప దగ్గర నిలబెట్టడం అన్యాయం.

మూడోది, చేతిని వేరుగా కొలవాలి. కెనడాలోని టొరంటోలో 1990లలో రూపొందించిన ‘ఓశాట్స్‌’ పద్ధతిలో, కణజాలాన్ని ఎంత సున్నితంగా పట్టారు, పరికరాన్ని ఎలా వాడారు, కదలికల్లో వృథా ఉందా వంటి అంశాలకు పరిశీలకులు విడివిడిగా మార్కులు వేస్తారు. దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. ఒక కుట్టు నమూనా, ఒక గంట సమయం, ఓపికగల ఇద్దరు సర్జన్లు చాలు. పీజీ విద్యార్థి లాగ్‌బుక్‌లో ‘ఎన్ని చూశారు’ అన్నదానితో పాటు ‘ఎన్ని స్వయంగా, ఎవరి పర్యవేక్షణలో, ఎంత బాగా చేశారు’ అన్నది కూడా నమోదు కావాలి.

నాలుగోది, జిల్లా ఆసుపత్రి సాక్ష్యాన్ని లెక్కలోకి తీసుకోవాలి. జిల్లా రెసిడెన్సీ పథకం కింద ప్రతి పీజీ విద్యార్థీ మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయాలి. టెక్కలి, పార్వతీపురం వంటి చోట్ల వసతుల కొరత మధ్య, రాత్రివేళ వచ్చిన కేసును ఎలా ఎదుర్కొన్నారో అక్కడి సర్జన్‌ కళ్లారా చూస్తారు. ఆ మూడు నెలలను హాజరు పట్టీకి పరిమితం చేయకుండా, వారి నుంచి లిఖితపూర్వక అభిప్రాయం తీసుకుని శిక్షణ రికార్డులో చేర్చాలి. రోగితో మాట్లాడిన తీరు, తనకు తెలియనిది తెలియదని చెప్పి పెద్దలను పిలిచే వివేకం అక్కడే బయటపడతాయి.

ప్రవేశ పరీక్షలు ఉండవలసిందే. లక్షల మంది పోటీపడే చోట పైరవీలకు తావులేని తూకం మరొకటి దొరకడం కష్టం. మధ్యతరగతి, పేద కుటుంబాల పిల్లలు సర్జన్లు కాగలుగుతున్నారంటే ఆ తూకం చలవే. అయితే తూకం పని సీటు దగ్గర ముగుస్తుంది. అక్కడి నుంచి మూడేళ్లపాటు విద్యార్థిని తీర్చిదిద్దవలసింది కళాశాల, విశ్వవిద్యాలయం, జిల్లా ఆసుపత్రి. ప్రవేశ మార్కు తక్కువని ఒకరిని మొదటి రోజే వదిలేసినా, ఎక్కువ ఉందని మరొకరిని పర్యవేక్షణ లేకుండా వదిలేసినా, మూల్యం చెల్లించేది ఆపరేషన్‌ బల్లపై పడుకున్న మనిషే. ఆరోగ్య విశ్వవిద్యాలయం, వైద్య విద్యాశాఖ ఈ దిశగా మొదటి అడుగు వేయాలి. రెండు జిల్లాల్లోని బోధనాసుపత్రులు అందుకు ప్రయోగశాలలు కావడానికి ముందుకు రావాలి.